కుట్టు లోపం

దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకి రండి, నా గొంతు మునుపటిలా అంత దూరం పోదు. చెప్పబోయేది నా చెల్లెలి సంగతి. దానికి చదువు నాకున్నంతే, అంటే పేరు కూడబలుక్కుని రాసేంత. చేతికి దబ్బనం ఇస్తే మాత్రం దాని ముందు ఎవరూ నిలవలేరు. గుడారాలు, గోతాలు, పరుపులు, బడి సంచులు, ఏది కుట్టినా చివర మూడు ఎర్ర దారపు టాకాలు వేసేది. అదే దాని సంతకం. అందుకని ఊరంతా దాన్ని టాకాల పిన్ని అనేవాళ్ళు. పిల్లలకీ పిన్నే, ఆ పిల్లల తాతలకీ పిన్నే. ఒకసారి దాని మొగుడే నోరు జారి పిన్నీ అని పిలిచి, నెల్లాళ్ళు వీధిలో తలెత్తుకోలేకపోయాడు.

ఆ బుధవారం పొద్దున్న పిన్ని అరుగు మీద డేరా గుడ్డ పరిచి సుద్దతో గీత గీస్తోంది. నేను పక్కన కూర్చుని దారానికి మైనం పడుతున్నాను. కంపెనీ బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఇద్దరు కూలీలు దిగి, వెనక తలుపు తీసి, బొమ్మల్ని ఒక్కొక్కటే కాళ్ళు పట్టుకుని కిందికి లాగారు. ఆరు మొండేలు. ఆ తరవాత గోనెసంచిలోంచి తలలు దొర్లించారు. తడి ఇసుక, గ్రీజు కలిసిన వాసన గుప్పుమంది.

అవి మనుషుల బదులు కూర్చోబెట్టే బొమ్మలు. ఊరి చివర సర్కస్ డేరాలు వేసే మైదానంలో రోలర్ కోస్టర్ కడతామని కంపెనీ వాళ్ళు దిగి అప్పటికి రెండు నెలలయింది. ప్రపంచంలో అంత ఎత్తునుంచి, అంత జోరుగా మనిషిని కిందికి తోసేది ఇంకోటి లేదట. అయితే అది ఇంకా కట్టలేదు. ఉన్నదల్లా గాజు పెట్టెలో పెట్టిన నమూనా, మైదానంలో ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన ఒక్క ముక్క. ఒక దిగుడు, ఎడమకి ఒక మలుపు, అంతే. ఆదివారం అనుమతి కమిటీ వచ్చి ఆ ముక్క మీద మనుషులు కూర్చునే పెట్టె పరిగెత్తడం చూస్తుంది. నచ్చితే సంతకం పెడుతుంది. అప్పుడు మిగతాది లేస్తుంది.

జనం మాత్రం అది అప్పుడే లేచి నిలబడినట్టే ఉన్నారు. గాజు పెట్టె చుట్టూ పొద్దస్తమానం ఈగల్లా ముసిరేవాళ్ళు. అద్దం నిండా వేలిముద్రలు, మూతిముద్రలు. క్షౌరశాలలో ఎవడు కక్కుకోకుండా దిగుతాడో అని పందాలు. ఒకడైతే నేను కక్కుకునేవాళ్ళలో మొదటివాణ్ణవుతానని రొమ్ము విరుచుకుని చెప్పాడు. కక్కుకోవడానికి కూడా పేరు రావాలని ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

బొమ్మలు కుట్టే పని పిన్నికిచ్చారు. పెద్దవి ఐదు, చిన్నది ఒకటి. చిన్నది పదేళ్ళ పిల్ల కొలతకి కావాలన్నారు. ఇంట్లోనే పదేళ్ళ మనవరాలుంది, పిచ్చుక. పిన్ని టేపు తెచ్చి భుజాలూ మెడా నడుమూ కొలుస్తుంటే, గౌను కుడుతోంది కాబోలని ఆ పిల్ల చేతులు చాపి ఊపిరి బిగబట్టి నిలబడింది. ఎందుకంటే, కోస్టర్ తయారయ్యాక మొదటి పెట్టెలో బడిపిల్లల్ని ఎక్కిస్తామని కంపెనీ వాళ్ళు చీట్లు తీశారు. మొదటి చీటీ పిచ్చుకదే, ఆ రోజుకి కొత్త గౌను అనుకుంది. పిన్ని కొలతలు తీసుకుంది కాని, అవి దేనికో ఆ పిల్లకి చెప్పలేదు.

ఇప్పుడు ఆ చిన్న బొమ్మ అరుగు మీద తల లేకుండా పడి ఉంది.

బండి వెనకే కంపెనీ పెద్దాయన జీపులో వచ్చాడు. ఎప్పుడూ తెల్లటి గట్టి టోపీతోనే ఉండేవాడు, అందుకని మేం టోపీ ఆయన అనేవాళ్ళం. ఆయనతో కొలతల అమ్మాయి వచ్చింది. బక్కపలచటి పిల్ల, మెళ్ళో చిన్న నోటుపుస్తకం దారంతో వేలాడుతుంటుంది. పెట్టె పరిగెత్తినప్పుడు ఎంత విసురుతోందో మీటర్లు చూసి రాసుకోవడం ఆ పిల్ల పని.

"ఏం పిన్నీ, ఇట్లా కుట్టావేంటి" అన్నాడాయన నవ్వుతూ. బూటు చివరతో ఒక తలని అటు తిప్పాడు. "ఒక్క రౌండుకే తలలన్నీ ఊడొచ్చాయి."

పిన్ని ఒక మొండేన్ని ఒళ్ళోకి లాక్కుంది. మెడ అంచు వెలుతురుకేసి తిప్పి, తెగిన దారం కొస వేళ్ళ మధ్య నలిపి చూసింది. దాన్ని పక్కన పెట్టి రెండోది తీసుకుంది. తరవాత మూడోది. ఆరూ చూసేదాకా తలెత్తలేదు. టోపీ ఆయన రెండుసార్లు వాచీ చూసుకున్నాడు.

"దారం చివికిపోలేదు బాబూ. లాగుడికి తెగింది. చూడండి, కొస కుంచెలా విచ్చుకుంది. ఇంకోటి, ఆరింటికీ ఎడమ పక్కనే మొదలైంది. నా కుట్టే వదులైతే ఒకటి ఎడమనా, ఒకటి కుడినా, ఒకటి వెనకాలా ఊడాలి. ఆరూ కూడబలుక్కున్నట్టు ఒకే పక్కన ఎందుకు ఊడతాయి?"

"అంటే?"

"మీ మలుపు ఎడమకి తిరుగుతుంది. తల కుడికి విసురుకుంటుంది. ఎడమ మెడ లాగేస్తుంది. అంతేకదమ్మా?" అని కొలతల అమ్మాయి వైపు చూసింది.

ఆ పిల్ల నోటుపుస్తకం గుప్పిట్లో బిగించింది. "కొంచెం ఎక్కువే వస్తోంది పిన్నిగారూ" అంది, వినపడీ వినపడకుండా.

"కొంచెం అంటే ఎంత?"

ఆ పిల్ల టోపీ ఆయన మొహం చూసి నోరు మూసుకుంది. ఆయన జేబురుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. బొమ్మని ముట్టుకున్నది బూటుతోనే, తుడుచుకున్నది చేతులు. "ఇవన్నీ ఇంజనీర్ల లెక్కలు పిన్నీ, నీకెందుకు. రెండు వరసలు కుట్టు. దారం కాదు, నైలాన్ తాడు పంపిస్తా. ఆదివారం కమిటీ ముందు తల ఊడకూడదు. అదీ నీ పని."

"రెండు వరసల నైలానా?"

"అవును."

"నాకు మతిమరుపు బాబూ. ఓ ముక్క రాసివ్వండి."

ఆయన నవ్వి, కంపెనీ కాగితం మీద బరబరా రాసి, కింద గొలుసు సంతకం చేసి ఇచ్చాడు. పిన్ని దాన్ని నాలుగు మడతలు పెట్టి సూదుల డబ్బాలో దాచింది.

గురువారం పొద్దున్నకల్లా మైదానం గేటు దగ్గర బోర్డు పెట్టారు. పిచ్చుక బడికి పోతూ చదివి, వెనక్కి పరిగెత్తుకొచ్చి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "ప్రయోగ పరుగు విజయవంతం. బొమ్మలలో స్వల్ప కుట్టు లోపం కనబడినది. సరిదిద్దబడినది."

"సరిదిద్దబడిందా? ఎవరు దిద్దారే, నేనింకా సూదే పట్టలేదు" అంది పిన్ని.

"అమ్మమ్మా, నువ్వు సరిగ్గా కుట్టలేదా?"

పిన్ని చేతిలో కత్తెర ఒక్క క్షణం ఆగింది. తరవాత మళ్ళీ గుడ్డ మీద నడిచింది. "బడికి వేళవుతోంది, పో" అంది.

మధ్యాహ్నానికి ఆ రెండు మాటలూ ఊరంతా తిరిగొచ్చాయి. కుట్టు లోపం. రొట్టెల కొట్టువాడు తలుపు సరిగ్గా పడకపోతే కుట్టు లోపం అన్నాడట. బస్సు ఆలస్యమైతే కుట్టు లోపం. అవి నవ్వులే అనుకోండి. కాని నాలుగింటికి పరుపుల షాపావిడ వచ్చి, ముందువారం తీసుకెళ్ళిన గలీబులు పన్నెండూ అరుగు మీద పెట్టింది. "తప్పుగా అనుకోకు పిన్నీ, ఓసారి చూసిపెడతావా. కస్టమర్లు అడుగుతున్నారు" అంది, మొహం పక్కకి తిప్పుకుని. ఆవిడ పెళ్ళిపరుపు కుట్టింది పిన్నే. నాకు ఒళ్ళు మండిపోయింది. పిన్ని ఒక్కో గలీబూ తిరగేసి, చూసి, మడత పెట్టి, పన్నెండూ ఉన్నవున్నట్టే తిరిగిచ్చేసింది. ఒక్క దారం కూడా ముట్టుకోలేదు.

ఆవిడ వెనకే పోస్టుమాన్ ఉత్తరాల సంచి పట్టుకొచ్చాడు. దాని భుజం పట్టీ ఊడింది. "దీనికీ రెండు వరసలు లాగించు పిన్నీ, కంపెనీ వాళ్ళకి లాగిస్తున్నావుగా."

"నీ సంచికి ఒక వరస చాలు."

"నా మీదేంటి ఆ చిన్నచూపు?"

"చిన్నచూపు కాదయ్యా. కుట్టు గుడ్డకంటే పిసరంత మెత్తగా ఉండాలి. బరువు మితిమీరితే ముందు కుట్టు తెగాలి. కుట్టు తెగితే నా దగ్గరకి తెచ్చుకుంటావు, వేసిస్తాను. రెండు వరసలు బిగిస్తే కుట్టు ఉంటుంది, పక్కన గుడ్డ పీలికలవుతుంది. అప్పుడు ఏ టాకాల పిన్నీ ఏం చెయ్యలేదు."

"తెగడం కూడా గొప్పేనన్నమాట" అని పోస్టుమాన్ నవ్వుకుంటూ పోయాడు. నేను కూడా నవ్వాను. ఆ మాట అక్కడే వదిలేశాను, బుద్ధితక్కువదాన్ని.

ఇంట్లో నా మరిది, అదే పిన్ని మొగుడు, రెండు రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కోస్టర్ కడితే గేటు దగ్గర నిలబడే పని ఇస్తామని టోపీ ఆయన చెప్పాడు. నీలం చొక్కా, ఇత్తడి బొత్తాలు, విజిల్. ఆ విజిల్ అప్పుడే ఇచ్చేశాడు. మరిది దాన్ని మెళ్ళోంచి తియ్యకుండా అన్నం తినేవాడు.

"ఆయనేదో కుట్టు లోపమంటే నీకొచ్చిన నష్టమేంటే? రెండు వరసలు కుట్టి పారెయ్. వాళ్ళకి కంప్యూటర్లున్నాయి."

"కంప్యూటర్‌కి మెడుందా?" అంది పిన్ని, చేతులు కడుక్కుంటూ.

"ప్రతిదానికీ ఓ మాట. ఊళ్ళో ఒక్కళ్ళకైనా లేని అనుమానం నీకే వచ్చిందా?"

"ఒక్కళ్ళకైనా లేనిది అనుమానం కాదు, దారం. ఆ దారం కొసలు చూసింది నేనొక్కదాన్నేగా."

మరిది విజిల్ నోట్లో పెట్టుకుని ఊదబోయి, దాని మొహం చూసి మానేశాడు. పిచ్చుక గుమ్మం పట్టెకి వీపు ఆనించి, నెత్తి మీద పుస్తకం పెట్టుకుని, పెన్సిలుతో గీత గీసుకుంటోంది. పెట్టె ఎక్కాలంటే ఇంత ఎత్తుండాలని ఒక గీత ఉందట. ఆ పిల్ల దానికి అంగుళం తక్కువ. టోపీ ఆయన చీటీలు తీసిన రోజునే ఆ గీతని అంగుళం కిందికి జరిపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పదేళ్ళ పిల్ల కోసం గీత జరిపినవాడు ఇంకేం జరుపుతాడో అని అప్పుడు తోచలేదు.

శుక్రవారం నైలాన్ తాడు వచ్చింది. పిన్ని కుట్టడం మొదలుపెట్టింది.

నిజం చెబుతున్నాను, ఆ రెండు రోజులూ నాకు దాని మొహం చూడబుద్ధి కాలేదు. ఎదురు తిరుగుతుంది, కాగితం మొహాన కొడుతుంది అనుకున్నాను. అది వేలికి తోలు తొడుగు తొడుక్కుని, దబ్బనం గుచ్చి, తాడు లాగి, మోకాలితో అదిమి, మళ్ళీ లాగి, ఒక వరసా, దాని పక్కన ఇంకో వరసా. అంత శ్రద్ధగా అది తన సొంత బిడ్డలకి కూడా కుట్టలేదు. తాడు కోసుకుని చూపుడువేలి మడతలో నెత్తురు వచ్చింది. గుడ్డ ముక్క చుట్టి మళ్ళీ లాగింది. నేను ఇసుక నింపుతూ ఉండబట్టలేక అడిగాను.

"సిగ్గులేదటే? నీ కుట్టుని ఊరంతా తిట్టిపోసినవాడికి, వాడి తప్పు కప్పెట్టడానికి ఇంత గొడ్డుచాకిరీనా?"

"కుట్టు గట్టిగా అడిగాడక్కా. గట్టిగా వేస్తున్నాను" అంది. అంతే. ఆరు మెడలకీ వెనక మూడేసి ఎర్ర టాకాలు వేసింది. అవి మాత్రం మామూలు దారంతోనే.

శనివారం సాయంత్రం బండి వచ్చి బొమ్మల్ని తీసుకుపోతుంటే టోపీ ఆయన ఒక మెడ పట్టుకుని రెండు చేతులతో గుంజాడు. చెక్కు చెదరలేదు. "అదీ పిన్నీ. ముందే ఇట్లా కుట్టుంటే ఇంత రాద్ధాంతం ఉండేదా?" అన్నాడు. కొలతల అమ్మాయి బండి పక్కనే నిలబడి ఎర్ర టాకాల మీద వేలు పెట్టి తడిమింది. ఏదో అడగబోయింది. పిన్ని తల అడ్డంగా ఊపింది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికే మైదానం కిటకిటలాడింది. ఉచితంగా సోడాలు పోశారు. తాగి పారేసిన కప్పులు, కాళ్ళకింద జిగట, దాని మీద ఈగలు. ఆ జిగటలోనే జనం నిలబడి మెడలు సాచి పైకి చూస్తున్నారు. కమిటీ వాళ్ళు నలుగురు, తెల్లగుడ్డ పరిచిన బల్ల వెనక. వాళ్ళలో పెద్ద ఒక కళ్ళజోడావిడ. ఆవిడ ముందు కాగితాల కట్ట, దాని మీద మూత తీసిన పెన్ను. బడిపిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి, జేబులకి కాగితం బిళ్ళలు కుట్టారు. పిచ్చుక బిళ్ళ మీద పెద్ద ఒకటి.

బొమ్మల్ని పెట్టెలో కూర్చోబెట్టి ఉంచారు. దగ్గరికి వెళ్ళి చూస్తే వాటికి మొహాలు గీశారు. కళ్ళు, ముక్కు, చెవులదాకా సాగిన ఎర్రటి నవ్వు. రంగు ఇంకా ఆరలేదు, చిన్న బొమ్మ నవ్వు గడ్డం మీదికి కారింది. పిన్ని మాత్రం మెడలే చూసింది. ఒక్కొక్క మెడా చూసుకుని వచ్చి నా పక్కన నిలబడింది. దాని చేతిలో సూదుల డబ్బా ఉంది.

టోపీ ఆయన మైకులో మాట్లాడాడు. ప్రపంచం మన ఊరివైపు చూస్తుందన్నాడు. భయం పాతకాలపు జబ్బన్నాడు. కుట్టు లోపం సరిదిద్దామని కూడా అన్నాడు, జనం నవ్వారు, కొందరు వెనక్కి తిరిగి పిన్నిని చూశారు. మరిది విజిల్ ఊదాడు.

పెట్టె పైకి పాకింది. టకటకమని గొలుసు చప్పుడు. కొసకెళ్ళి ఒక్క క్షణం ఆగి, ముక్కు కిందికి పెట్టింది. జనమంతా ఒక్కసారి ఊపిరి పీల్చారు. దిగుడు బాగానే దిగింది. మలుపు దగ్గర ఒక చప్పుడు వచ్చింది, తడి బట్ట బండకేసి కొట్టినట్టు. ఆ తరవాత ఇంకో చప్పుడు, సన్నగా, వాన మొదలైనట్టు. ఇనుప కాళ్ళ సందుల్లోంచి ఇసుక రాలుతోంది.

పెట్టె వచ్చి ఆగింది. ఆరు తలలూ మెడలతో సహా కుడివైపుకి వేలాడుతున్నాయి. మెడలు ఊడలేదు. కుట్టు కిందనుంచి, ఎడమ భుజం దగ్గర డేరా గుడ్డే పరపరా చిరిగిపోయింది, చంకదాకా. చిన్న బొమ్మది పూర్తిగా తెగిపోయి తల కింద పడింది. నవ్వుతూనే ఉంది.

టోపీ ఆయన మైకు అందుకుని, "చిన్న సాంకేతిక... మళ్ళీ ఈ కుట్టు..." అన్నాడు.

పిన్ని నడిచింది. పరిగెత్తలేదు, గుడ్డ కొనడానికి షాపుకి వెళ్ళినట్టు నడిచింది. వంగి చిన్న బొమ్మ తల తీసుకుని, అంటుకున్న ఇసుక దులిపి, కమిటీ బల్ల దగ్గరికి వెళ్ళి, తెల్లగుడ్డ మీద మెడ పైకి వచ్చేలా బోర్లించింది. మెడ చుట్టూ రెండు వరసల నైలాన్, ఒక్క పోగు కదల్లేదు. వెనక మూడు ఎర్ర టాకాలూ ఉన్నచోటనే ఉన్నాయి. సూదుల డబ్బా తెరిచి, నాలుగు మడతల కాగితం తీసి పక్కన పెట్టింది.

"అమ్మా, ఇది నా కుట్టు. ఇట్లా కుట్టమని బాబుగారు రాసిచ్చిన కాగితం ఇది. ముందు ఒక వరస వేస్తే కుట్టు తెగింది, గుడ్డ మిగిలింది. ఇవాళ కుట్టు మిగిలింది, గుడ్డ పోయింది. ఈసారి గుడ్డ లోపమని రాస్తారేమో, ఒక్కటే అడుగుతున్నాను. గుడ్డ ఉన్నచోట పిల్ల కూర్చుంటే, ఏ లోపమని రాస్తారు?"

కళ్ళజోడావిడ కుట్టులో గోరు దూర్చి లాగింది. రాలేదు. పక్కాయనకిచ్చింది. ఆయనా లాగాడు. కాగితం విప్పి చదివింది. అప్పుడు కొలతల అమ్మాయి కేసి చూసి, "మలుపులో ఎంత వస్తోంది?" అని అడిగింది.

కొలతల అమ్మాయి మెళ్ళోంచి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. "నాలుగు రోజులనుంచీ ఇంతే వస్తోందండీ. ఉండాల్సినదానికి రెండింతలు. రోజూ రాశాను" అని, "పైకి పంపనివ్వలేదు" అంది.

ఆవిడ పెన్నుకి మూత పెట్టింది. ఆ టిక్కుమన్న చప్పుడు మైకులో వినబడింది.

జనం పిన్నికి దండం పెట్టారనుకుంటున్నారా? లేదు. నోటికాడ కూడు తీసేసిందని తిట్టుకుంటూ, ఇసుక తొక్కుకుంటూ, మిగిలిన సోడాలు కూడా తాగి మరీ పోయారు. కక్కుకుంటానన్నవాడు అయితే మా గుమ్మం ముందు ఉమ్మేసి వెళ్ళాడు. మరిది మూడు రోజులు పలకలేదు. నాలుగోరోజు విజిల్ తీసి కిటికీ ఊచకి తగిలించాడు. పరుపుల షాపావిడ వచ్చి ఏమీ జరగనట్టు పాతిక గలీబులకి గుడ్డ ఇచ్చింది. పిన్ని ఏమీ జరగనట్టు తీసుకుంది. నాకైతే ఇప్పటికీ ఆవిడ మొహం చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఆ ఆదివారం అందరూ పోయాక పిచ్చుక మాత్రం పెట్టె దగ్గరే నిలబడింది. చిన్న బొమ్మ మొండెం ఇంకా సీట్లో కట్టేసి ఉంది. ఆ పిల్ల దాని నడుము చూసింది, చేతుల పొడుగు చూసింది, చిరిగిన భుజం చూసింది.

"అమ్మమ్మా, ఆ రోజు కొలిచింది గౌనుకి కాదా?"

"కాదమ్మా."

పిచ్చుక కుడిచెయ్యి ఎత్తి తన ఎడమ భుజం మీద వేసుకుంది. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. గుమ్మంలోకి వచ్చాక జేబుకున్న బిళ్ళని లాగి పీకకుండా, పిన్ని దగ్గర కత్తెర అడిగి, ఒక్కొక్క కుట్టే కత్తిరించి తీసింది.

కంపెనీ వాళ్ళు నెల తిరక్కుండా ఇనుప కాళ్ళు విప్పుకుని లారీలకెత్తారు. ఇంకో ఊళ్ళో నిలబెడుతున్నారట. అక్కడ వీళ్ళని అడిగారట, ముందు ఊళ్ళో ఎందుకు ఆగిపోయిందని. ఏం చెప్పారో తెలుసా? కుట్టు లోపం వల్ల అని.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ సంగతి మీ దగ్గర పెట్టుకోకండి. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పండి, అత్తవారిళ్ళకి వెళ్ళినప్పుడు చెప్పండి, ఏ ఊళ్ళో గాజు పెట్టె చుట్టూ జనం మూగితే ఆ ఊళ్ళో చెప్పండి. ఎవరైనా కుట్టు లోపం అంటే, చిరిగినచోటు ఎక్కడుందో చూపించమనండి. నాలుగు తప్పులు చెప్పినా ఫరవాలేదు. మూడు ఎర్ర టాకాలు మాత్రం మరిచిపోకండి.